ఎర్రదారం పట్టీ

తదియ

పొద్దున్నే మొదటి పని రోగుల చేతులకి కట్టే పట్టీలు కడగడం. వార్డులో ఐదుగురు రోగులు, ఐదు పట్టీలు. సముద్రం మీద కాపురం పెట్టాక ఉప్పు దేన్నీ వదలదు. తలుపు బందులు తినేసింది, చెంచాలు తినేసింది, మా అమ్మ ఇచ్చిన చెవికమ్మలు కూడా తినేసింది. పట్టీ మీద ఉప్పు పేరుకుంటే రోగి నొప్పి నా కడియంలోకి పాత రేడియోలా గరగరలాడుతూ వస్తుంది. అందుకని తాగడానికి కొలిచి ఇచ్చే మంచినీళ్ళలోంచే ఒక గ్లాసు తీసి వీటిని కడగాలి. మనుషులకి తక్కువైనా పట్టీలకి తక్కువ కాకూడదన్నది మా నీలిరేవు తెప్పాసుపత్రి రూలు.

ఈ రాత నన్నెవరూ అడగలేదు. కడియం దాని లెక్క అది రాసుకుంటుంది. అందులో అంకెలు తప్ప ఏమీ ఉండవు కాబట్టి నా గొడవ నేను విడిగా రాసుకుంటున్నాను. నా పేరు ఎస్తేరు, మూడో వార్డు నర్సుని. నీలిరేవులో తేదీలు ఎవరికీ పట్టవు. తిథి చెబితే ఆ వేళకి నీళ్ళు ఎంత ఎత్తున ఉంటాయో చెప్పినట్టే, అందుకని నేనూ తిథులే వేస్తున్నాను.

కడియం మీద ఐదు రంగుల పూసలుంటాయి. ఎర్రపూస తిప్పితే ఎర్రదారం పట్టీ కట్టుకున్న మనిషి నొప్పి పది ఊపిర్ల సేపు నా ఎడమచేతిలో ఉంటుంది. తుంటి విరిగినా, పన్ను సలిపినా నాకు తెలిసేది చేతిలోనే. ఎంతో తెలుస్తుంది, ఎలాంటిదో తెలుస్తుంది, ఎక్కడో మాత్రం తెలియదు. యంత్రానికి నొప్పంటే ఏమిటో తెలియదు గనక నరాలున్న మనిషే కొలవాలట. పదికి ఎంతో నేను పైకి చెబుతాను, గోడలోని యంత్రం విని ఆ అంకెకి తగ్గ మందు వదులుతుంది. అంకె ఏడు దాటితే సర్జరీ ఓడకి కబురు వెళ్ళి, పడవ వస్తుంది.

నొప్పి ఎలా ఉందని నోటితో అడగకూడదు. "మాట అబద్ధమాడుతుంది, నరం ఆడదు" అని శిక్షణలో రోజూ మా చేత వల్లె వేయించారు. రోగి పెంచో తగ్గించో చెబుతాడు, ఆ మాట చెవిన పడ్డాక మన చేతికి తెలిసేది కూడా మారిపోతుందట. వింటే చెడిపోతామన్నమాట.

నాలుగో మంచం కాసులమ్మ వలలు బాగుచేసే మనిషి. డెబ్బై దాటింది. తడి తెప్ప మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయి మా దగ్గరికి వచ్చింది. పట్టీల తాళ్ళు ఉప్పుకి ఊరికే తెగిపోతుంటే, "ఇలా పడెయ్ సిస్టరమ్మా, నా సేతులు ఊరికే ఉన్నాయి" అని వలదారంతో తానే కడుతోంది. తనకి ఎర్రది, పక్క మంచం లోవరాజుకి నీలం. మిగతా ముగ్గురికి మూడు రంగులు. పొద్దున్నే అందరి పట్టీలూ పోగేయించి నాకు పళ్ళెంలో ఇచ్చేదీ ఆవిడే. కడిగాక పళ్ళెం ఆవిడ ఒళ్ళో పెట్టేస్తాను, ఆవిడ ముడులు వేసి అందరికీ పంపుతుంది. నాకో పని తగ్గింది.

ఎర్రపూస తిప్పాను. తడివలని ఒక్కదాన్నే లాగుతున్నట్టు ఈడ్చే నొప్పి. పళ్ళు బిగబట్టి ఊపిర్లు లెక్కపెట్టుకుంటుంటే కాసులమ్మ నా మొహమే చూస్తోంది.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకంట? నేను ఊరుకున్నాను గదా, నీకెందుకమ్మా ఈ పాట్లు?"

నవ్వి, గోడవైపు తిరిగి "ఐదు" అన్నాను. అప్పుడే ఎవరో చేపనూనె గిన్నె మోసుకొచ్చారు. ఆ వాసనకి నేను మొహం పక్కకి తిప్పుకున్నాను.

పంచమి

ఇవాళ వార్డంతా రెండు. కాసులమ్మ రెండు, లోవరాజు రెండు, కాలిన ఒళ్ళుతో ఉన్న మొదటి మంచం ఆయన కూడా రెండే. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నా చెయ్యి ఇంత తేలిగ్గా ఎప్పుడూ లేదు. రెండుకి వచ్చే మందు చప్పరించే బిళ్ళ ఒక్కటే, అది ఇచ్చి బయటపడ్డాను.

పెద్ద నర్సు సుగుణమణి మేడం లెక్క చూసి నా భుజం తట్టింది. పున్నమికి తెప్పల సంఘం వాళ్ళు ఆసుపత్రి చూడటానికి వస్తున్నారు. మూడో వార్డు గుమ్మానికి 'నొప్పి లేని వార్డు' అని బోర్డు పెట్టిస్తుందట. "ఏం చేస్తున్నావే ఎస్తేరూ?" అంది. ఏమీ చెయ్యడం లేదన్నాను. నిజమే.

అసలు సంగతి ఇక్కడైనా రాసుకోవాలి. నాకు నాలుగో నెల. కడుపుతో ఉన్నవాళ్ళకి కడియం ఉంచరు. కడియం పోతే ఆసుపత్రి గది పోతుంది, గది పోతే ఒడ్డు మీద క్యాంపుకి పంపేస్తారు. మా ఆయన దావీదు నాచుతోటల్లో మునిగే పని వదిలి నాతో రాలేడు. ఆ క్యాంపులో ఒంటరిగా బిడ్డని కనడం తలుచుకుంటేనే నాకు భయం. అందుకే చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుని నెట్టుకొస్తున్నాను.

అయితే నా చేతిలోకి వచ్చే నొప్పి లోపలున్న పిల్లకి కూడా చేరుతుందా? ఎవరికైనా తెలుసేమో. అడిగితే నీకెందుకని అడుగుతారు. పూస తిప్పిన ప్రతిసారీ ఇదే భయం, అందుకే ఇవాళ వార్డంతా రెండైతే దేవుడికి దండం పెట్టుకున్నాను. ఎందుకు తగ్గిందన్న ప్రశ్న నాకు రానేలేదు.

సప్తమి

కాసులమ్మ గంజి తాగడం లేదు. గిన్నె అలాగే పక్క మంచానికి జరిపేస్తోంది. పడుకున్నప్పుడు మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుంటోంది. తుంటి విరిగిన మనిషి అలా ముడుచుకోకూడదని గట్టిగా చెప్పాను. "అలాగేలే తల్లీ" అని కాళ్ళు చాపింది. నేను అటు తిరగ్గానే మళ్ళీ ముడిచింది.

ఎర్రపూస తిప్పితే రెండే. ఒక్కటి మాత్రం వింతగా తోచింది. ఈడ్చే నొప్పి కాదిది, ఉండుండి కలుక్కుమనే రకం. ఎముక అతుక్కునేటప్పుడు మారుతుందేమో అనుకున్నాను.

ఆకలి, నిద్ర గురించి అడగొచ్చు, దానికి అడ్డు లేదు. "మామ్మా, నిద్ర పట్టిందా?" అన్నాను. ఆవిడ "పట్టిందిలే గానీ, సిస్టరమ్మా, మొన్నట్నుంచి..." అని ఏదో మొదలుపెట్టేసరికి నేను ఐదో మంచం దగ్గరున్నాను. వెనక్కి తిరిగి చూస్తే నోరు మూసుకుని నవ్వింది. నవ్వింది కదా అని నేనూ నవ్వేశాను. ఇప్పుడు రాస్తుంటే మాత్రం ఆ 'మొన్నట్నుంచి' చెవిలోంచి పోవడం లేదు.

మా వార్డుల్లో నర్సు కూర్చోవడానికి ఒక్క పీట కూడా ఉండదు. ఇన్నాళ్ళూ అది నా కంటికి ఆననేలేదు.

నవమి

ఇవాళ్టిది వరసగా రాస్తాను.

పొద్దున్న కాసులమ్మ కళ్ళు మూసుకుని కదలకుండా పడుకుని ఉంది. ఆవిడ మంచం పక్కన నిలబడి ఎర్రపూస తిప్పాను. రెండు. సరిగ్గా అప్పుడే పక్క మంచం మీద లోవరాజు మంచినీళ్ళ గ్లాసు ఎత్తాడు. నా చేతిలో కలుక్కుమంది. గ్లాసు దించాడు, తగ్గింది. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ కలుక్కు. కాసులమ్మ వేలు కూడా కదల్చలేదు.

లోవరాజు మునిగే పనివాడు. మోచెయ్యి విరిగి వచ్చాడు, దాదాపు తగ్గిపోయింది, రేపో మాపో ఇంటికి పోయేవాడు. వాడి చేతికి నీలం పట్టీ ఒక్కటే ఉంది. కాళ్ళ మీది దుప్పటి లాగేశాను. పిక్క చుట్టూ పట్టీలు. ఎర్రదారం, పచ్చదారం, పసుపు, తెలుపు, ఒకదాని పైన ఒకటి చక్కగా వలముడి వేసి ఉన్నాయి. చేతికున్న నీలంతో కలిపి మొత్తం ఐదూ వాడి ఒంటి మీదే. ఇన్నాళ్ళూ వార్డంతటికీ నేను వేసిన మార్కులు ఈ ఒక్కడి మోచేతికి. మిగతావాళ్ళ చేతులకున్నవి అవే రంగుల దారాలు కట్టిన, లోపల ఏమీ లేని ఉత్త గుడ్డపేలికలు.

"ఏమిట్రా ఇది?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

వాడు తల దించుకున్నాడు. "కాసులమ్మ పెద్దమ్మ సెప్పింది సిస్టరమ్మా. మీరు ఒట్టి మనిషి కాదంట గదా. మా నొప్పులన్నీ మీ సేతిలోంచి లోపల బిడ్డకి పోతాయేమోనని అందరం అనుకున్నాం. నాకెలాగూ తగ్గిపోయింది. అందరివీ నేనే కట్టుకుంటే సరిపోద్దని."

"మరి మందు? రెండుకి బిళ్ళ తప్ప ఏమీ రాదని తెలీదా మీకు?"

"ఓర్సుకుంటన్నాం గదండీ" అన్నాడు మొదటి మంచం ఆయన. ఒళ్ళంతా కాలిన మనిషి అలా అంటుంటే నాకు ముందు కోపం వచ్చింది, ఆ వెనకే ఏడుపు వచ్చింది. నన్ను కాపాడమని వీళ్ళని ఎవరడిగారు? ఒక్కమాట అడగొచ్చుగా అనుకున్నాను. నేను వాళ్ళని అడిగానా మరి.

ఎర్రపట్టీ విప్పి తెచ్చి కాసులమ్మ చేతికి కట్టాను. ఒళ్ళు కాలుతోంది, వేళ్ళు మాత్రం చల్లగా ఉన్నాయి. గుండె దిటవు చేసుకుని పూస తిప్పాను. మూడు. నిజంగా మూడే, ముల్లులేని మొద్దు నొప్పి. అమ్మయ్య అనుకున్నాను. అందరి పట్టీలూ సరిచేసి, అసలు అంకెలు చెప్పి మందులిప్పించి, మేడంకి తెలియకుండా చూసుకుంటే చాలు అని కూడా అనుకున్నాను. రెండడుగులు వేశాను కూడా. కానీ ఆ మొహం రంగు బాగోలేదు. మూడు నొప్పికి ఎవరి మొహమూ అలా బూడిదలా అవదు.

వెనక్కి వచ్చాను. కడియం తీసి ఆవిడ దిండు పక్కన పెట్టాను. తుడుపు బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాను.

"మామ్మా, ఎక్కడ నొప్పి?"

"ఏమీ లేదమ్మా."

ఇంకేం అడగాలో నాకు తెలియలేదు. శిక్షణలో పూసలు తిప్పడం నేర్పారు గానీ ఇది నేర్పలేదు. ఆవిడ పైకప్పు చూస్తోంది. చివరికి నా నోటికి వచ్చింది నా సంగతే.

"నాకు నాలుగో నెల మామ్మా. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఒడ్డుకి పంపేస్తారని భయం."

"తెలుసు. సేపనూనె గిన్నె కనపడితే సాలు, మొకం తిప్పేత్తన్నావు." చెయ్యి జరిపి నా మోకాలు తట్టింది. "నువ్వు సెప్తావని సూత్తన్నాను."

"నేను చెప్పేశాను. ఇక మీ వంతు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, నేను ఇన్నాళ్ళకి అడుగుతున్నాను. మొదటి నుంచి చెప్పండి. మొన్నట్నుంచి ఏమిటి?"

అప్పుడు మొదలుపెట్టింది. కాసులమ్మ ఏదీ తిన్నగా చెప్పదు. గంజిలో ఉప్పెక్కువైందంది, ఆ రోజు చేతిలో ఉన్న ముడి జారిపోయిందంది, చచ్చిపోయిన మొగుడు కూడా అలాగే కడుపునొప్పి అనేవాడంది. అసలు విషయానికి రండి అని నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాను. ఆ జారిపోయిన ముడి మాటే పనికొచ్చింది. పట్టీలన్నీ మార్చి కట్టిన రోజది, అంటే పంచమి నాడు మొదలైంది.

"బొడ్డు సుట్టూ మెలిపెట్టినట్టుండేది. మర్నాటికి కిందకి దిగింది, ఇదిగో, ఈ కుడిపక్కకి. కాలు సాపితే పేణం పోయేది. తుంటిదే అనుకున్నాను. నిన్న మాపిటేల లోపల ఏదో పుటుక్కున తెగినట్టయ్యి, హాయిగా అయిపోయింది. గంగమ్మ తల్లి కనికరించిందనుకున్నాను."

"ముందు బొడ్డు దగ్గర. తర్వాత కుడిపక్క కిందకి. నిన్న తెగినట్టయి తగ్గింది. అంతేనా?"

"అంతే కాదు. తగ్గాక సలి. పళ్ళు టకటకలాడిపోయాయి. ఇప్పుడు కడుపంతా బిర్రుగా ఉంది."

దుప్పటి తీసి కడుపు మీద చెయ్యి వేశాను. చెక్కలా ఉంది. నేను నర్సుని, ఇది పుస్తకంలో చదువుకున్నదాన్నే. పేగుకి ఉండే తోక, అదే అపెండిక్స్, వాచి పగిలిపోతే ముందు నొప్పి తగ్గుతుంది. ఆ తర్వాత మనిషి పోతుంది. పట్టీ మొదటి నుంచీ ఆవిడ చేతికే ఉన్నా నిన్న సాయంత్రం అంకె పడిపోయేది, నేను సంతోషించి వెళ్ళిపోయేదాన్ని. పుటుక్కుమన్న సంగతి ఏ పూస తిప్పితే తెలుస్తుంది?

మూడుకి పడవ రాదు. నేను కడియం తొడుక్కుని ఎర్రపూస తిప్పి, గోడవైపు తిరిగి, "తొమ్మిది" అన్నాను. నా ఉద్యోగంలో నేను చెప్పిన మొదటి అబద్ధం అది. యంత్రం విన్నది, పడవకి కబురు వెళ్ళిపోయింది.

సుగుణమణి మేడం పరిగెత్తుకొచ్చింది. నొప్పి లేని వార్డులో తొమ్మిది ఏమిటని తన కడియం పూస తిప్పింది. ఆవిడ మొహం గట్టిపడింది.

"ఇది మూడు. నువ్వు తొమ్మిదన్నావు."

"అన్నాను మేడం. నేను చెప్పింది అబద్ధం. ఆవిడ చెప్పేది మాత్రం వినండి."

"ఆవిడ చెప్పడమేమిటి? నువ్వు అడిగావా?"

బకెట్టు ఆవిడ ముందుకి జరిపాను. ఆవిడ కూర్చోలేదు. కాసులమ్మ పెద్ద నర్సుని చూసి మర్యాదగా, "నాకేటీ లేదండి, బాగానే ఉన్నాను" అనేసింది. మేడం గోడవైపు తిరిగి పడవని వద్దనడానికి నోరు తెరిచింది.

"అబద్ధం సెప్తంది పెద్దమ్మ" అన్నాడు లోవరాజు మంచం దిగి. "అందరం అబద్ధాలే సెప్పాం. మా పట్టీలు సూడండి." మొదటి మంచం ఆయన తన చేతికున్న పేలిక విప్పి నేల మీద పడేశాడు. మిగతా ఇద్దరూ అలాగే చేశారు.

మేడం ఆ పేలికల వంక చూస్తూ నిలబడింది. తర్వాత వంగి, కాసులమ్మ కడుపు మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి చాలాసేపు తియ్యలేదు. ఇరవయ్యేళ్ళు కడియం తొడుక్కున్న చెయ్యి అది.

"ఎప్పట్నుంచమ్మా?" అంది. ఆ మాట అలవాటు తప్పిన మనిషిలా మెల్లిగా అడిగింది.

కాసులమ్మ నావైపు చూసింది. నేను తలూపాను. మళ్ళీ గంజిలో ఉప్పు దగ్గర నుంచి మొదలుపెట్టింది. మేడం బకెట్టు మీద కూర్చుంది. నవమి నీళ్ళు నిమ్మళంగా ఉంటాయి గనక పడవ తొందరగానే వచ్చింది.

ఏకాదశి

కాసులమ్మ బతికి ఉంది. కడుపంతా కడగాల్సి వచ్చిందట, ఇంకా గండం గడవలేదట. ఇంకో పూట ఆగితే చేసేదేమీ ఉండేది కాదని ఓడ డాక్టరు మేడంతో అన్నాడు.

నా మీద విచారణ అయిపోయింది. తప్పు అంకె చెప్పానన్నది మొదటిది, కడుపు దాచానన్నది రెండోది. సుగుణమణి మేడం నా తరఫున గట్టిగానే మాట్లాడింది. రోగులని అడిగి తెలుసుకునే వీలుంటే బాగుంటుందని కూడా అంది. సంఘం వాళ్ళు ఎంతో శ్రద్ధగా విని, రాసుకుని, వేరేది తేల్చారు. ఇకనుంచి పట్టీలకి దారాలుండవు. తాళాలుంటాయి, తాళంచెవి మేడం దగ్గరుంటుంది. రోగులు మార్చుకోవడమే అసలు తప్పట. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, కొరుకుడు పడటం లేదా అన్నాడట, అలా ఉంది.

బోర్డు పున్నమికి పెట్టడం లేదు, వాయిదా వేశారు.

కడియం తీసేశారు. అది ఉన్నచోట చర్మం తెల్లగా, పిల్లల చర్మంలా ఉంది. ఎడమచేతిలో ఇప్పుడు ఎవరూ లేరు. ఈ నిశ్శబ్దం ఇంత బరువుగా ఉంటుందని అనుకోలేదు.

త్రయోదశి

రేపు ఒడ్డు పడవ. ఇవాళ కాసులమ్మని చూడటానికి మేడం ఓడ మీదకి పంపించింది.

సగానికి సగం అయిపోయింది మనిషి. ముక్కులో గొట్టం ఉంది. చేతికి కొత్త పట్టీ, చిన్న ఇనుప తాళంతో. అక్కడా పీటల్లేవు. బకెట్టు వెతికి తెచ్చుకుని పక్కన కూర్చున్నాను.

"దారం లేదు సూడు" అంది గుసగుసగా, పట్టీ చూపించి. "ముడెయ్యడానికేటీ లేదు." నా కడుపు వైపు చూసి, "బిడ్డ కదులుతోందా?" అంది.

"నిన్నటి నుంచి."

"నువ్వెలా ఉన్నావు తల్లీ?"

"నాకేం మామ్మా, బాగానే ఉన్నాను."

ఆ మాట దానంతటదే నా నోట్లోంచి వచ్చేసింది. నవమి నాడు ఆవిడ మేడంతో అన్నది కూడా ఇదే మాట. కాసులమ్మ కళ్ళు తిప్పకుండా నా మొహమే చూసింది. మా వెనక ఓడ నర్సు ఒకమ్మాయి వచ్చి, పూస తిప్పి, గోడతో "నాలుగు" అని చెప్పి ముందుకి వెళ్ళిపోయింది. కాసులమ్మ ఇంకా నావైపే చూస్తోంది.

అప్పుడు చెప్పాను. చెయ్యి ఖాళీగా ఉంటే నిద్ర పట్టడం లేదని చెప్పాను. ఇన్నాళ్ళూ నా కడియంలోకి వచ్చిందంతా ఈ పిల్ల కూడా పడి ఉంటుందేమోనని, పుట్టాక దాని మొహం చూడటానికి భయంగా ఉందని చెప్పాను. ఇది దావీదుతో కూడా అనలేదు. మధ్యలో ఆగిపోయాను.

ఆవిడ తాళం ఉన్న చెయ్యి మెల్లిగా జరిపి నా ఎడమచేతి మీద, ఆ తెల్లటి మచ్చ మీద పెట్టింది.

"ముందు సెయ్యన్నావు. తర్వాత బిడ్డన్నావు" అంది. "తర్వాత?"